ఆర్థరు బర్లింగు: ఒక స్వార్థపరుని పాత్ర పరిశీలనము

నాటకములలోని దుర్మార్గులు రెండు తెగలవారు. కొందఱు రంగస్థలమున అడుగిడిన తోడనే తమ్ము తాము చాటుకొందురు. కత్తి నూఱువాడు, విషము కలుపువాడు, అన్న రాజ్యమును అపహరించువాడు ఈ తెగకు చెందినవారు. వీరిని పోల్చుకొనుటకు ప్రేక్షకునకు శ్రమ లేదు. అసహ్యించుకొనుటకు అంతకంటె శ్రమ లేదు. రెండవ తెగవారు వేఱు. వారు చట్టమును మీఱరు, వేళకు భుజింతురు, బిడ్డలను ప్రేమింతురు, ఊరివారిచే గౌరవింపబడుదురు. ఐనను వారు నడచిన దారిలో ఎవరో ఒకరు నలిగి పడియుందురు. ఏమి జరిగినదని అడిగినచో తమకేమియు తెలియదందురు. ఆ మాట అబద్ధమును కాదు. ఇట్టివారిని గుర్తించుట కష్టము. గుర్తించిన పిమ్మట వారిని దూరముగా నిలిపి దూషించుటయు కష్టమే; ఏలయన వారికిని మనకును పోలికలు కానవచ్చును.

ఆంగ్ల నాటకకర్త జె. బి. ప్రీస్ట్‌లీ రచించిన ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’ అను నాటకమునందలి ఆర్థరు బర్లింగు ఈ రెండవ తెగవాడు. అతడు కర్మాగారము గల వర్తకుడు. స్వార్థపరుడని అతనినిగూర్చి ఒక్క మాటలో తేల్చివేయుట విద్యార్థులకు పరిపాటి. ఆ మాట నిజమే గాని, అంతటితో ఆగినచో పాత్రపరిశీలనము కాజాలదు. ఆ స్వార్థము ఎట్టిది? అది అతనికైనను లాభించినదా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నాటకమును కథయు

ప్రీస్ట్‌లీ 1894వ సంవత్సరమున ఇంగ్లండునందలి యార్క్‌షైరు మండలమున, ఉన్ని పరిశ్రమకు ప్రసిద్ధికెక్కిన బ్రాడ్‌ఫర్డు పట్టణమున జన్మించెను. యౌవనమున ఒక ఉన్నివర్తకుల కార్యాలయములో గుమాస్తాగా నుండెను. 1914లో మొదలైన మహాయుద్ధమున సైనికుడుగా చేరి గాయపడెను. 1940లో, రెండవ మహాయుద్ధకాలమున, అతడు చేసిన రేడియో ప్రసంగములను ఆంగ్లజనులు ఆసక్తితో వినిరి. అతడు 1984లో మరణించెను. ఈ నాటకమును అతడు రెండవ యుద్ధము ముగియబోవు కాలమున రచించెను. అది 1945లో మొదట సోవియటు రష్యాలోను, 1946లో లండనులోను ప్రదర్శింపబడినది. కథ మాత్రము 1912వ సంవత్సరపు వసంతకాలమున, ఒక్క రాత్రి, ఒక్క గదిలో, బ్రమ్లీ యను కల్పిత పట్టణమున జరుగును. కథాకాలమునకును రచనాకాలమునకును నడుమగల ఈ ముప్పదిమూడు సంవత్సరముల యెడమును పాఠకుడు మఱవరాదు. దాని ప్రయోజనము ముందు తెలియగలదు.

బర్లింగు గారి యింట విందు జరుగుచున్నది. కుమార్తె షీలాకు జెరాల్డ్ క్రాఫ్టు అను యువకునితో వివాహము నిశ్చయమైనది. జెరాల్డ్ తండ్రి సర్ జార్జి క్రాఫ్టు, బర్లింగు కంటె పెద్ద వర్తకుడు. అందఱు సంతోషముగా నున్న సమయమున గూల్ అను పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి, ఈవా స్మిత్ అను యువతి ఆ సాయంకాలమే ప్రాణము తీసికొన్నదని తెలుపును. ఆ యింటివారిని ఒక్కొక్కరిని ప్రశ్నింపగా క్రమముగా నిజము బయల్పడును. జీతము పెంచుమని అడిగినందులకు బర్లింగు ఆమెను పనినుండి తొలగించెను. అద్దములో తన్ను చూచి నవ్వినదన్న కోపముతో షీలా ఆమెను ఒక దుకాణమునుండి వెళ్లగొట్టించెను. జెరాల్డ్ ఆమెను కొంతకాలము ఆదరించి విడిచివేసెను. బర్లింగు కుమారుడు ఎరిక్ ఆమెను గర్భవతిని చేసి, ఆమెకు ఇచ్చుటకై తండ్రి కార్యాలయమునుండి 50 పౌండ్లు దొంగిలించెను. తుదకు ఆమె సహాయము కోరి ఒక స్త్రీల ధర్మసంఘము నాశ్రయింపగా, దాని పెద్దయైన శ్రీమతి బర్లింగు త్రోసిపుచ్చెను.

ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయిన పిదప అట్టి పేరుగల అధికారి యెవ్వడును లేడనియు, ఆసుపత్రిలో అట్టి మరణ మేదియు జరుగలేదనియు తేలును. పెద్దలు ఊపిరి పీల్చుకొందురు. అంతలో టెలిఫోను మ్రోగును. ఒక యువతి ఆసుపత్రికి పోవుచు దారిలోనే మరణించినదట. విచారణకై ఒక ఇన్‌స్పెక్టరు బయలుదేరి వచ్చుచున్నాడట. ఇచ్చటనే తెర పడును.

బర్లింగు కోరునది యేమి?

విందులో బర్లింగు ఆడు మొదటి మాటలే అతని హృదయమును తెలుపును. తాను పోయించుచున్న ద్రాక్షారసము సర్ జార్జి తెప్పించుకొను రకమే యని అతడు కాబోవు అల్లునికి ఎఱుకపఱచును. రుచి యెట్లున్నదని కాదు, పెద్దింటి వారు త్రాగునదేనని అతని సంతోషము. అతని భార్య అతనికంటె హెచ్చు వంశమున పుట్టినది. అతని మాటలో మాత్రము ఊరి యాస ఇంకను పోలేదు. కూతురి వివాహమును అతడు రెండు కంపెనీలు చేయి కలుపుటగా చూచును. ఖర్చులు తగ్గి ధరలు హెచ్చునట్లు ఆ రెండు కంపెనీలును కలసి పనిచేయు దినము వచ్చునని ఆశించును. జెరాల్డ్ తల్లి తన కుమారునికి ఇంకను గొప్ప సంబంధము రావలసియుండె నని తలంచుచున్నదేమో యని అతని బెంగ. అందుచేత తనకు త్వరలో ‘సర్’ బిరుదు రాగలదని రహస్యముగా చెప్పి, ఆమె చెవిని వేయుమని సూచించును.

దీనినిబట్టి అతనికి కావలసినది కేవలము ధనము కాదని తెలియుచున్నది. ధనము అతనికి ఇదివఱకే కలదు. తనకంటె పైమెట్టున నున్నవారి కంట పడవలెనన్నదే అతని కోరిక. నిచ్చెన యెక్కువాడు పై మెట్టునే చూచును గదా. తన పాదముక్రింద నున్న దేదో అతనికి కనబడదు.

బర్లింగు చెప్పిన భవిష్యత్తు

ఈ విందులోనే బర్లింగు యువకులకు లోకజ్ఞానము బోధించును. యుద్ధము రాదని అతని నిశ్చయము. మఱుసటి వారమున ప్రయాణమై ఐదు దినములలో న్యూయార్కు చేరనున్న టైటానికు అను మహానౌక మునుగుట యెన్నటికిని జరుగదనును. పనివారికిని యజమానులకును గల తగవులు త్వరలో అణగిపోవుననియు, 1940 నాటికి లోకము శాంతిసమృద్ధులతో నుండుననియు చెప్పును.

టైటానికు 1912 ఏప్రిలు 15వ తేదీన మునిగి దాదాపు 1500 మంది మరణించిరి. 1914లో మహాయుద్ధము వచ్చినది. 1926లో బ్రిటనులో సార్వత్రిక సమ్మె జరిగినది. 1940లో లండను నగరముపై బాంబులు కురిసినవి. ఇవియన్నియు ఎఱిగిన ప్రేక్షకుల యెదుట ప్రీస్ట్‌లీ ఈ మాటలను పలికించెను. అందువలన వారు నవ్వుకొందురు. నవ్వుచునే ఈ మనిషి మాటను నమ్మరాదని గ్రహింతురు.

ఐతే ఇక్కడ నవ్వుకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. బర్లింగు ఊహలు అన్నియు ఒక్క వైపునకే తప్పుచున్నవి. యుద్ధము వ్యాపారమునకు నష్టము. కావున యుద్ధము రాదు. సమ్మె లాభమునకు అడ్డు. కావున సమ్మె నిలువదు. అతడు లోకమును పరిశీలించి నిర్ణయమునకు వచ్చుట లేదు. తనకు లాభమైనదానిని నిర్ణయముగా పెట్టుకొని లోకమును దానికి సరిపెట్టుచున్నాడు. స్వార్థము హృదయమును కఠినపఱచునని మన మెఱుగుదుము. అది బుద్ధిని సయితము గ్రుడ్డిదానిగా చేయునని ఈ ఘట్టము నేర్పుచున్నది.

తన్ను తాను, తనవారిని చూచుకొనుటయే మనుష్యుని ధర్మమనియు, అందఱు ఒకరికొకరు బాధ్యులని చెప్పువారు వెఱ్ఱివారనియు అతడు బోధించుచుండగనే వీధితలుపు గంట మ్రోగును. కయీను దేవుని అడిగిన ప్రశ్న మీకు జ్ఞాపకమున్నది గదా. బర్లింగు ఆ ప్రశ్నను ప్రశ్నగా నడుగక, సిద్ధాంతముగా చెప్పుచున్నాడు. ప్రత్యుత్తరము తలుపుకడనే నిలిచియున్నది.

రెండున్నర షిల్లింగుల లెక్క

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. ఈవా స్మిత్‌కు బర్లింగు కర్మాగారమున వారమునకు 22 షిల్లింగుల 6 పెన్నీలు వచ్చుచుండెను. 1910 సెప్టెంబరులో ఆమెయు తోటి పనికత్తెలును 25 షిల్లింగులు కావలెనని అడిగిరి. హెచ్చింపు రెండున్నర షిల్లింగులు. దానివలన కూలి ఖర్చు నూటికి 12 వంతులు పెరుగునని బర్లింగు ఇన్‌స్పెక్టరుతో చెప్పును. లెక్క కట్టి చూడుడు: 22 షిల్లింగుల 6 పెన్నీలపై రెండున్నర షిల్లింగులు సరిగా తొమ్మిదవ వంతు, అనగా నూటికి 11 వంతుల చిల్లర. చిల్లరను సయితము తన పక్షమునకే సవరించుకొనుట అతని అలవాటు కాబోలు.

న్యాయముగా మాటాడవలెనన్న, అతని కర్మాగారమున వందలకొలది యువతులు పనిచేయుచుండిరి. అందఱికిని హెచ్చించినచో ఆ భారము చిన్నది కాదు. పోటీ వర్తకుల నడుమ నిలువవలసిన యజమాని జీతములు పెంచుటకు వెనుదీసెనన్నంత మాత్రమున అతనిని రాక్షసుడనుట తగదు. చట్టముకూడ అతని పక్షముననే యున్నది. కనీస వేతనములను నిర్ణయించుటకు బ్రిటనులో 1909లో చేసిన శాసనము మొదట నాలుగే పరిశ్రమలకు వర్తించినది. పని పోయినవారికి భృతి నిచ్చు ఏర్పాటు 1911 నాటి శాసనముచే కలిగినను, భృతి చెల్లింపు 1913లో గాని మొదలు కాలేదు. అదియు కొన్ని పరిశ్రమలకే. కావున 1910లో కర్మాగారపు ద్వారము వెలుపల నిలిచిన అనాథ బాలిక కాళ్లక్రింద నేల యన్నదే లేదు. ఆమెను తొలగించుటకు యజమానికి హక్కు కలదు. ఆ హక్కునే బర్లింగు మాటిమాటికి చెప్పుకొనును.

కాని విద్యార్థులు ఒక్క విషయమును శ్రద్ధగా గమనింపవలెను. సమ్మె ఒకటి రెండు వారములలోనే విఫలమైనది. చేతిలో కాసు లేక పనివారందఱు పాత జీతమునకే తిరిగివచ్చిరి. బర్లింగు అప్పటికే గెలిచెను. రెండున్నర షిల్లింగులు అతని పెట్టెలోనే భద్రముగా నున్నవి. ఆ పిమ్మటనే అతడు సమ్మెకు పెద్దలైన నలుగురైదుగురిని తొలగించెను. ఈవా వారిలో ఒకతె. ఈ తొలగింపువలన అతనికి మిగిలిన దెంత? ఒక్క పెన్నీయు లేదు. పైగా ఆమె మంచి పనికత్తె. మేస్త్రీ ఆమెకు పై పని యిచ్చుటకు సిద్ధముగా నుండెను. అనగా వ్యాపారపు లెక్కప్రకారము చూచినను ఇది నష్టమే.

ఐనచో అతడట్లు ఏల చేసెను? ఆమె ఎదురు మాటాడినది. తనకు తగిన దేదో తానే అడిగినది. దానికి శిక్ష విధింపవలెను. మిగిలినవారు చూచి భయపడవలెను. అతడు రక్షించుకొన్నది లాభమును కాదు, అహమును. ‘ఇది వ్యాపారము’ అని స్వార్థపరుడు చెప్పునపుడు మనము లెక్కపుస్తకము తెఱచి చూడవలెను. తఱచుగా వ్యాపార మనునది పై కప్పు మాత్రమే. లోపల నున్నది గర్వము.

ఇంకొక లెక్క. ఎరిక్ దొంగిలించిన 50 పౌండ్లు ఒక యువతికి ఆ రెండున్నర షిల్లింగుల హెచ్చింపును 400 వారములపాటు, అనగా ఏడేండ్లకు పైగా, చెల్లించుటకు చాలును. తుదకు నిజమంతయు తెలిసిన పిదప, వేలకొలది పౌండ్లైనను ఇత్తునని బర్లింగే విలపించును. తగిన వేళలో వారమునకు రెండున్నర షిల్లింగులకు దొరకని మేలు, వేళ తప్పిన పిదప వేల పౌండ్లకును దొరకలేదు.

తనవారినైనను కాపాడెనా?

‘నీవు, నీవారు’ అన్నది బర్లింగు సిద్ధాంతము. లోకమును విడిచినను తన యింటిని కాపాడుకొన్నచో, కొంతవఱకైనను ఆ సిద్ధాంతము నెఱవేరెనని ఒప్పుకొనవచ్చును. కాని చూడుడు: కుమారుడు త్రాగుబోతగుచున్న సంగతి తండ్రికి తెలియదు. కష్టము వచ్చినపుడు ఎరిక్ తండ్రియొద్దకు రాలేదు. తండ్రి పెట్టెయొద్దకు పోయెను. కారణ మడుగగా, ఆపదలో దరి చేరదగిన తండ్రి కాడని ముఖముననే చెప్పును. నాటకమంతటిలో బర్లింగునకు తగిలిన పెద్ద దెబ్బ యిదియే. పొరుగువానికి మూసిన తలుపు ఇంటివారికి మాత్రము తెఱచియుండునని అతడు తలంచెను. ఒకే తలుపు లోపలివారికిని బయటివారికిని మూతపడునని అతడెఱుగడు.

భయమును పశ్చాత్తాపమును

ఇన్‌స్పెక్టరు వెళ్లిన వెంటనే బర్లింగు దుఃఖించును గాని, ఆ దుఃఖము దేనికొఱకు? ఊరిలో అపకీర్తి వచ్చును, బిరుదు చేజాఱును అని అతని భయము. వచ్చినవాడు నిజమైన అధికారి కాడని తెలియగనే అతని దుఃఖము మంచువలె కరగిపోవును. అతడు నవ్వును, పిల్లలను ఎగతాళి చేయును. షీలాయు ఎరిక్కును నవ్వలేరు. అడిగినవాడు ఎవడైన నేమి, తాము చేసినది చేసినదే యని వారి వాదము. దొంగతనము జరిగినది, నిర్దాక్షిణ్యము జరిగినది, వీనిలో ఏదియు కల్ల కాలేదు.

జెరాల్డ్ ఒక ఉపాయము చెప్పును. ఇన్‌స్పెక్టరు చిత్రపటమును వేఱువేఱుగా చూపెను గాన, చూచినవారు చూచినది ఒకే యువతి చిత్రము కాకపోవచ్చునట. బర్లింగునకు ఈ వాదము ఎంతయు రుచించును. కాని ఆలోచింపుడు. ఒక యువతికి బదులు నలుగురైదుగురు యువతులకు అన్యాయము జరిగినదనుకొందము. అంతమాత్రమున ఆ అన్యాయము ఐదవ వంతు అగునా? నలిగినవారి సంఖ్య పెరిగినదే గాని తగ్గలేదు.

పరిశుద్ధ గ్రంథమున సౌలు రాజు తన పాపమును ఒప్పుకొన్నాడు. ఒప్పుకొనిన నోటితోనే పెద్దలయెదుట తన్ను గౌరవింపుమని సమూయేలును వేడుకొన్నాడు. దావీదు నాతాను మాటకు కూలి విలపించెను గాని తన గౌరవమును అడుగలేదు. బర్లింగు సౌలు జాతివాడు. షీలా దావీదు దారి పట్టినది. ఇరువురును తప్పు చేసినవారే. తప్పు బయటపడినందుకు ఏడ్చువానికిని, తప్పు చేసినందుకు ఏడ్చువానికిని గల భేదమే ఈ నాటకముయొక్క ప్రాణము. చివర మ్రోగిన టెలిఫోను ఆ భేదమును పరీక్షించుటకు వచ్చిన రెండవ పరీక్ష. మొదటి పరీక్షలో నేర్చినవారు దానిని ఎదుర్కొనగలరు. నేర్వనివానికి అది పిడుగు.

ఈ పాత్రను ధరించువారికి

పాఠశాలలో ఈ నాటకమును ప్రదర్శించు విద్యార్థులకు ఒక మనవి. బర్లింగును కోఱమీసముల క్రూరునిగా చేయకుడు. అతడు ఏబదియైదేండ్ల ప్రాయపు భారీ మనిషి, అతిథులను మర్యాదతో చూచువాడు, తన తెలివిని తాను నమ్మినవాడు. ఇన్‌స్పెక్టరు రాకకు ముందు దీపకాంతి మృదువుగా గులాబివర్ణమున నుండవలెననియు, అతడు వచ్చిన పిమ్మట తెల్లగా, తీక్ష్ణముగా మాఱవలెననియు గ్రంథకర్త సూచించెను. మనిషి మాఱడు, వెలుగు మాత్రమే మాఱును. మొదటి వెలుగులో మంచివానిగా తోచిన బర్లింగు రెండవ వెలుగులోను ఆ మాటలే మాటాడును. ప్రేక్షకుడు మొదట అతనిని ఇష్టపడినగాని, పిమ్మట తన్నుగూర్చి తాను సిగ్గుపడడు.

ముగింపు

ఒక్క సంగతి చెప్పి విరమింతును. ఈవా స్మిత్ పేరు చెప్పినపుడు బర్లింగునకు ఆమె జ్ఞప్తికి రాలేదు, చిత్రపటము చూపవలసివచ్చెను. వందలకొలది వచ్చుచు పోవుచుందురు, ఎవరిని జ్ఞాపకముంచుకొందునని అతని సమాధానము. ఆమె జీతము ఎన్ని షిల్లింగుల ఎన్ని పెన్నీలో మాత్రము అతనికి బాగుగా జ్ఞాపకమున్నది.

ఈ పాఠశాలలో చదువుచున్న బాలబాలికలలో కొందఱు రేపు దుకాణములు నడపుదురు, కొందఱు అధికారులగుదురు, కొందఱు నలుగురిచేత పని చేయించుకొను గృహస్థులగుదురు. ఒకరి జీతమును నిర్ణయించు కలము, ఒకరిని తొలగించు కలము మీ చేతికి వచ్చును. అపుడు చట్టము ఏమి చెప్పుచున్నదో చూడుడు; అది అవసరమే. లెక్క సరిపోయినదో లేదో చూడుడు, అదియు అవసరమే. పిమ్మట ఆ కాగితముపై నున్న పేరు ఎవరిదో, ఆ మనుష్యుడు ఆ సాయంకాలము ఏ యింటికి ఏమి తీసికొని పోవునో ఒక్క నిమిషము తలంపుడు. బర్లింగు చేయక విడిచినది ఈ యొక్క నిమిషపు పనియే.